తోలు టోపీ, ఏడు ముడులు

నాకు ఎవర్నీ ఒక పట్టాన నమ్మే గుణం లేదు. అనంతగిరిలో ఉప్పు, కిరసనాయిలు అమ్ముకునే వర్తకుడికి అది ఉండాల్సిన గుణమేనని చాలాకాలం అనుకున్నాను కూడా.

యుద్ధం రోజుల్లో బస్రాలో, విమానాల దళం వారి సామాను గిడ్డంగిలో రెండేళ్ళు గుమాస్తాగా చేశాను. వచ్చేసేటప్పుడు విమానం నడిపే దొర ఒకడు తన పాత తోలు టోపీ, కళ్ళ చుట్టూ బిగించుకునే అద్దాలు నా చేతిలో పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అలాంటివి కలకత్తా వేలంపాటల్లో దొరుకుతున్నాయని తెలిశాక పోస్టులో తెప్పించుకోవడం మొదలెట్టాను. నాలుగేళ్ళలో ఆరు టోపీలు, వాటికి ఆరు జతల అద్దాలు పోగయ్యాయి. ఒకదానికి చెవుల దగ్గర గొట్టాలు, ఒకదానికి లోపలంతా మెత్తటి బొచ్చు. ఆ బొచ్చు టోపీ అంటే నాకు ప్రాణం.

"ఎవరో సచ్చినోళ్ళ టోపీలు ఇంట్లో ఏటండీ!" అని నా భార్య ఈశ్వరమ్మ వాటిని ముట్టుకునేది కాదు.

ఇక్కడి తేమకి తోలు ఇట్టే బూజు పడుతుంది. అందుకని ఎండ కాసిన రోజు అరుగు మీద నులకమంచం వేసి, వాటికి ఆముదం రాసి ఆరబెట్టేవాణ్ణి. సంతకొచ్చిన కొండవాళ్ళు చుట్టూ చేరి నవ్వుకునేవారు. మాకు తేనె తెచ్చే గాసి మాత్రం నవ్వలేదు. ఒకసారి బొచ్చు టోపీ పెట్టుకుని, అద్దాలు కళ్ళ మీదికి దించుకుని, చెంపల దగ్గర వేలు పెట్టి సందు ఉందేమో వెతికాడు.

"ఇందులోకి ఈగ దూరదు గదా బాబూ?" అన్నాడు.

"ఎందుకురా?"

"ఊరికినే."

ఊరికే ఎవడైనా అలా అడుగుతాడా? ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

వైశాఖంలో ఒకనాడు సరుకు కోసం శృంగవరపుకోట వెళ్ళి, మర్నాడు పొద్దు వాలే వేళకి తిరిగొచ్చాను. నేను ఆరబెట్టి వెళ్ళిన మంచం మీద ఐదు టోపీలే ఉన్నాయి. బొచ్చు టోపీ లేదు, దాని అద్దాలూ లేవు. వాటి చోట అడవినారతో పేనిన తాడు ముక్క ఉంది. దానికి వరసగా ఏడు ముడులు.

కొండల్లో చిల్లంగి అని చేతబడి పెడతారనీ, ముడి వేసి మనిషి ప్రాణం కట్టేస్తారనీ మైదానం నుంచి వచ్చిన ప్రతి వర్తకుడూ చెప్తాడు. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. నేను ఆ తాడుని పుల్లతో ఎత్తి పొయ్యిలో పడేశాను.

ఆ తర్వాత మూడు రోజులూ నేను అనుమానించని మనిషి లేడు. టపా మోసేవాణ్ణి అనుమానించాను, ఎదుటి కొట్టు నడిపే కనకని అనుమానించాను, చివరికి ఈశ్వరమ్మనే అడిగాను. ఆవిడ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నాకు కడుపులో నొప్పి పట్టుకుంది. శృంగవరపుకోటలో పూటకూళ్ళింట్లో తిన్న పాచి పులిహోర వల్లేనని ఇప్పుడు తెలుసు కానీ, అప్పుడు మాత్రం మూడో ముడి బిగిసిందనే అనుకున్నాను.

నాలుగో రోజు ఠాణాకి పోయాను. రోజులు మంచివి కావు. దక్షిణాన కొండల్లో పితూరీ లేచింది, ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోతున్నారు. సైన్యం టోపీ ఒకటి అడవిలోకి పోయిందనగానే హెడ్డు కానిస్టేబులు కుర్చీలోంచి లేచాడు.

"ఎవడి మీద అనుమానం?"

"గాసి" అన్నాను. చూశానా అంటే చూడలేదు. అయినా ఆ పేరే వచ్చింది.

గాసి ఊళ్ళో లేడనీ, అడవికి పోయాడనీ తెలిసింది. దాంతో హెడ్డుకి అనుమానం ముదిరి, మా కొట్టు దగ్గర ఒక జవానుని కూర్చోబెట్టాడు.

ఏడో రోజు పొద్దున్నే గాసి వచ్చాడు. కావడికి రెండు పక్కలా తేనె కుండలు, చేతిలో నా టోపీ, అద్దాలు. అద్దాలు తళతళలాడేలా తుడిచి తెచ్చాడు. అరుగెక్కకముందే జవాను అతని రెక్క పట్టుకున్నాడు.

గాసికి మొదట ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసి, "దొంగతనం ఏటి బాబూ! ఆయేళ మీరు నేరు. తాడు ఎట్టీసి పట్టికెళ్ళినాను గదా. ఏడు ముడులు, ఏడు రోజులు. రోజుకో ముడి ఇప్పుకుంటే ఇయ్యాలే ఆకరుది. నిరుడు తేనె తీస్తంటే మా తమ్ముడు బుధుకి ఈగలు కన్ను తీసీసినాయి. అందుకే పట్టికెళ్ళినాను. ఆ తాడు ఓపాలి సూపించండి, బేగి!" అన్నాడు.

పెళ్ళికి పిలిచినా, కొడవలి అరువు తీసుకున్నా వాళ్ళ ఊళ్ళో ముడులే మాటట. అప్పటికి నాకది తెలియదు. నేను పొయ్యి వైపు చూశాను.

నేనే ఇచ్చానని అంటే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చింది. కానీ తప్పుడు ఫిర్యాదు ఇచ్చానని నన్ను లోపలేస్తారేమో! జవాను నా ముందే అతన్ని తీసుకుపోయాడు. గాసి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు, ఇంకా నేను తాడు తెస్తానేమోనని.

మర్నాడు సిగ్గు విడిచి ఠాణాకి పోయి, తప్పు నాదేనని చెప్పాను. అయినా గాసిని తొమ్మిది రోజులు ఉంచుకుని కానీ వదల్లేదు. ఆ తర్వాత గాసి తన తేనెని ఎదుటి కనక కొట్టులోనే అమ్ముకున్నాడు.

ఏడాది తిరిగి మళ్ళీ తేనె రోజులొచ్చాయి. ఒక ఉదయం గాసి వచ్చి, అరుగు ఎక్కకుండా కిందే నిలబడ్డాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బొచ్చు టోపీ, అద్దాలు తెచ్చి, "తీసుకుపో గాసీ, ఇంక ఇవి నీవే. తాడూ వద్దు, ముడులూ వద్దు" అన్నాను.

అతను చెయ్యి చాపలేదు.

"ముడులు మీకు సదవడం రాదు గదా బాబూ. కాయితం రాయండి. నాను ఏలిముద్ర ఏస్తాను. ఠాణాలో నేర్పినారు."

కాగితం తెచ్చి, టోపీ అతనిదేనని రాసి సంతకం పెట్టాను. అతను నా సిరాలో బొటనవేలు ముంచి, కింద గట్టిగా నొక్కాడు. టోపీ ఇవ్వబోయాను. దాన్ని ముట్టుకోకుండా కాగితం మాత్రం తీసుకుని, నేను ఏం రాశానో చదివించుకోవడానికి ఎదుటి కొట్టుకి పోయాడు.