బియ్యం గదికి పదమూడో పేరు

శనివారం పొద్దున దీపం పెట్టి, అప్పన్న స్వామిని ఒక్క మాటే అడిగాను. నా బిడ్డకు మార్కులు రావాలని కోరుకోవడం తప్పా? పది గంటలకు బడిలో మీటింగ్ ఉంది. తల్లిదండ్రుల కమిటీకి నేను చైర్‌పర్సన్‌ని. పదో తరగతి పాసయ్యానని నన్ను ఎన్నుకున్నారు గానీ, ఇప్పటిదాకా చూపించిన చోట సంతకం పెట్టడమే నా పని.

వన్ టౌన్‌లో మా సందు చివర ఉంది ఆ బడి. ఐదో తరగతిలో మా అమ్మాయి ఆశతో కలిపి ముప్పై ఒక్కమంది. వాళ్ళలో పన్నెండు మంది ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళ నాన్నలు పోర్టులో లోడింగ్ పనికి వెళ్తారు. జూన్‌లో చేరినప్పుడు ఒక్కరికీ తెలుగు రాదు.

నేను వెళ్ళేసరికి హెడ్మాస్టరు దేవీప్రసాద్ గారి గదిలో గురునాథరావు కాగితం రాయించి సిద్ధంగా ఉంచాడు. ఆయనకు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు ఉంది. ఆయన కొడుకుదీ ఆశ క్లాసే. ఒడిశా పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టాలని తీర్మానం. కింద పన్నెండు పేర్లు.

"సంతకం ఎట్టీ సెల్లెమ్మా. ఆళ్ళకి అర్థం కాక మాస్టారు ఒకే ముక్క నాలుగుసార్లు సెప్తన్నారు. మన పిల్లలు ఏటైపోవాల? మీ ఆశకి తెలుగులో ఎన్నొచ్చాయి?"

చెప్పాను. పోయినేడు యాభైకి నలభై ఆరు. ఈసారి ముప్పై నాలుగు.

"మరి? నీ నోటితోనే సెప్పావు."

ఆయన మాట అబద్ధం కాదు. ఇంట్లో ఆశను అడిగాను కూడా. పక్కన కూర్చునే సస్మితకు సైగలతో పాఠం చెప్తూ తన నోట్సు సగమే రాస్తోందట. "మాస్టారే సెప్పమన్నారమ్మా, ఆయనకి రెండు క్లాసులు కదా" అంది. నాలుగు, ఐదు తరగతులకు రెండేళ్ళుగా ఒక్కరే మాస్టారు. రెండో పోస్టు ఖాళీ.

"ఏ గదిలో కూర్చోబెడతారు మాస్టారూ?" అని హెడ్మాస్టరుని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది ఉంది కదమ్మా. బస్తాలు ఓ పక్కకి జరిపిస్తాం."

"ఓలమ్మ, ఆ గదిలో ఎలకలు నా సేపల బుట్టంత ఉంటాయి" అంది గుమ్మం దగ్గర కూర్చున్న చిట్టమ్మ. హార్బర్ నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆమె మనవరాలు నీలిమదీ అదే క్లాసు.

"ఎలకలు ఏ భాషోళ్ళనైనా ఒకేలాగ సూత్తాయిలే" అన్నాడు గురునాథరావు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నేను కాగితం ముందుకు లాక్కుని, పన్నెండో పేరు కింద పదమూడో పేరు రాశాను. ఆశ.

హెడ్మాస్టరు వంగి చూశారు. "అదేంటమ్మా, మీ పాపకి తెలుగు వచ్చు కదా."

"మార్కులు తగ్గినాయి కదండీ. ఆ పిల్లలకి పాఠం సెప్పేదీ అదే. అక్కడే కూర్చుంటాది."

"కుదరదమ్మా. ఆ గదికి టీచర్ లేరు కదా."

అనేశాక ఆయనే ఆగిపోయారు.

"నా కూతురికైతే టీచర్ కావాల. ఆళ్ళకి అక్కర్లేదా?" అని అడిగాను.

"నాను నా కొడుకు కోసం అడుగుతన్నాను సెల్లెమ్మా. తప్పా?" అన్నాడు గురునాథరావు.

పొద్దున నేను స్వామిని అడిగిన మాటే అది.

"తప్పు కాదన్నయ్యా. నానూ నా కూతురి కోసమే అడుగుతన్నాను. రెండేళ్ళ నుంచి మాస్టారు లేని కుర్చీ మీద మనం ఒక్క కాగితం రాయలేదు. పిల్లల మీద మాత్రం ఒక్క పూటలో రాసేసినాం."

"సంతకం ఎట్టకపోతే వచ్చే ఏడు నీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాం."

"కూర్చోబెట్టండి. ఈ ఏడు నానే."

చిట్టమ్మ లేచి వచ్చింది. "తాయారమ్మా, మా నీలిమ పేరూ ఎయ్యి. నా సిన్నప్పుడు బళ్ళో నా మాట ఇని నవ్వీవోరు, ఎనక కూర్చోమన్నారు. ఇంటికొచ్చీసినాను, మరెళ్ళలేదు."

పద్నాలుగో పేరు రాశాను. సంతకం చోటు ఖాళీగా వదిలేసి, తెల్లకాగితం ఇమ్మన్నాను. రెండో మాస్టారిని పంపమని విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ. వాక్యాలు సరిగా కుదరక రెండుసార్లు కొట్టేశాను. కింద మాత్రం నా పేరు ఇంటిపేరుతో సహా రాసి, కాగితాన్ని గురునాథరావు వైపు తిప్పాను.

"ఇప్పుడు మీరు ఎట్టండి అన్నయ్యా, సంతకం."

ఆయన పెన్ను తీసుకోలేదు. వెళ్ళిపోనూ లేదు. నేను కుర్చీని దగ్గరకు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.