అద్దెవాళ్ళకు ఓటు లేదు

మా కాంప్లెక్సుకి నెలకో పత్రిక వస్తుంది. ఉండేది నాలుగు పేజీలే గానీ దాని పొగరు నలభై పేజీలకి సరిపోతుంది. ఎవరి పిల్లకి ఈతలో పతకం వచ్చింది, బాల్కనీలో బట్టలు ఎందుకు ఆరేయకూడదు, లిఫ్టులో ఎవరు ముందు ఎక్కాలి, అన్నీ అందులో రాస్తారు. పొద్దున్నే టీ తాగుతూ మా ఆయన దాన్ని పైకి చదువుతాడు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. నేను వింటున్నానా లేదా అన్నది ఆయనకి అనవసరం.

ఆ రోజు చివరి పేజీ మధ్యలో ఆగిపోయాడు.

"ఏం, అక్షరాలు అయిపోయాయా?" అన్నాను.

"ఫ్లాట్లలో ఎటువంటి వ్యాపారమూ చేయరాదు. ట్యూషన్లు, కుట్టుపని, పిల్లల సంరక్షణ కూడా వ్యాపారమే. ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఓటింగు." చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

పిల్లల సంరక్షణ అంటే ఇంకెవరు, నేనే. తల్లిదండ్రులు పనులకి పోయాక ఐదుగురు పిల్లలు మూడో అంతస్తులో మా ఇంట్లో ఉంటారు. పళ్ళ డాక్టరు కొడుకు ఒకడు, వాడికి గోడలు నాకడం అలవాటు. లెక్చరరు గారి కవలలు, ఒకడు ఏడిస్తే రెండోవాడు కారణం అడక్కుండా ఏడుస్తాడు. బ్యాంకు అమ్మాయి కూతురు, మూతి మూడు వంకర్లు తిప్పనిదే పాలు తాగదు. అయిదోది చిట్టి. పక్క బ్లాకులో అద్దెకుండే నర్సు కూతురు. ఆ పిల్ల తండ్రి ఊసు నర్సు ఎత్తదు, నేనూ అడగను.

నాకు పిల్లలు లేరు. అందుకు ఎవరూ జాలిపడనక్కర్లేదు, నేనూ పడలేదు. ఆయన పెన్షను మందులకీ మెయింటెనెన్సుకీ పోతే ఇల్లు గడిచేది ఈ పిల్లల వల్లే. అది ఒక సంగతి. వాళ్ళు లేని ఇంట్లో సాయంత్రం దాకా ఏం చెయ్యాలో నాకు తెలియదు. అది ఇంకా పెద్ద సంగతి.

ఫిర్యాదు పెట్టింది మా ఎదురు ఫ్లాటులోకి కొత్తగా దిగిన రిటైర్డు ఆఫీసరు. నడవాలో చిన్న చిన్న చెప్పులు చూస్తే ఆయనకి బీపీ పెరుగుతుందట. పెరగనీ అనుకున్నాను. ఓటు వేసేది మా పిల్లల అమ్మానాన్నలేగా, నాకేం భయం?

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు కొడుకుని చంకనేసుకుని వచ్చాడు. "ఆంటీ, మీటింగుంది కదా, కాసేపు వీణ్ణి చూస్తారా?" అతని వెనకే కవలలు, వాళ్ళ వెనక బ్యాంకు అమ్మాయి కూతురు, చివరికి చిట్టి. పిల్లలు గోల చేస్తే మీటింగు ఎలా సాగుతుంది? వాళ్ళు నాకోసం మాట్లాడాలంటే పిల్లల్ని నేను పట్టుకోవద్దూ! అందుకని నేను ఇంట్లోనే ఉండిపోయి మా ఆయన్ని పంపాను.

ఆయన తిరిగొచ్చేసరికి డాక్టరు కొడుకు నా భుజం మీద చొల్లు కారుస్తూ నిద్రపోతున్నాడు.

"మన వైపు ఎంతమంది?" అన్నాను.

"ఇద్దరం. నేనూ, నర్సమ్మాయీ."

"ఇద్దరేనా?"

"లెక్కకొచ్చింది నేనొక్కణ్ణే. ఆ అమ్మాయి చెయ్యెత్తితే సెక్రటరీ, 'అద్దెవాళ్ళకి ఓటు లేదమ్మా, చెయ్యి దించు' అన్నాడు. దించలేదు. 'ఓటు లేకపోతే నోరుందిగా' అని లేచి నిలబడింది. 'మీరంతా ఇక్కడ ఇంత నిశ్చింతగా కూర్చున్నారంటే మీ పిల్లలు ఎవరింట్లో ఉన్నారో గుర్తు తెచ్చుకోండి' అంది. అందరూ ఫోన్లలోకి తలలు దూర్చారు."

"డాక్టరు?"

"అటే ఎత్తాడు."

"లెక్చరరు?"

"రెండు చేతులూ ఎత్తేవాడే. ఒక చేతిలో టీ కప్పు ఉండిపోయింది."

కాసేపటికి వాళ్ళంతా పిల్లల కోసం వచ్చారు. ఒక్కరి మొహంలోనూ సిగ్గన్నది లేదు. "థాంక్స్ ఆంటీ, ఏడిపించలేదు కదా" అని నవ్వుతూ తీసుకెళ్ళారు. నర్సు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఏమీ చెయ్యలేకపోయాను పిన్నిగారూ" అంది. కాంప్లెక్సులో అందరికీ నేను ఆంటీని. పిన్నిగారూ అనేది ఆమె ఒక్కతే.

అసలు తమాషా మర్నాడు మొదలైంది. పొద్దున్నే డాక్టరు వచ్చాడు, కొడుకుతో, పాలసీసాతో సహా. గొంతు తగ్గించి, "ఆంటీ, రూలు రూలే అనుకోండి. కానీ మావాడి సంగతి వేరు. ఎవరైనా అడిగితే చుట్టాలబ్బాయి అని చెప్పండి. మిగతావాళ్ళకి మాత్రం తెలియనివ్వకండి" అన్నాడు. అతను మెట్లు దిగాడో లేదో లెక్చరరు భార్య, అదే గొంతు, అవే మాటలు. ఆ తర్వాత బ్యాంకు అమ్మాయి. "నేను మీకు వ్యతిరేకంగా వెయ్యలేదాంటీ, ఒక పద్ధతి ఉండాలని వేశాను. మా పాపకి మీరు అమ్మమ్మలాంటివారు" అంది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడవాలోకి వచ్చి, ముగ్గుర్నీ వెనక్కి పిలిచి, ఎదురు ఫ్లాటు ఆఫీసరుక్కూడా వినపడేలా అన్నాను. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గానీ, తెప్ప మీద కూర్చునే నిప్పు పెట్టేవాళ్ళని ఇక్కడే చూస్తున్నాను. మీ పిల్లలు మీకు చుట్టాలేమో, నాకు కాదు. తీసుకుపొండి!" ఆ గోలకి డాక్టరు కొడుకు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి ఎత్తుకోబోయి చేతులు వెనక్కి లాక్కున్నాను. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా ఆయన తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. "ఒప్పుకోవాల్సింది. అందరిదీ తప్పయితే అడిగేవాడు ఉండడు."

"నాకు అభిమానం లేదా?"

"ఉంది. దాన్ని చూసుకుంటూ కూర్చుంటే సాయంత్రం కాదు."

"పగలంతా ఒంటరిగా కూర్చుంటాను గానీ ఆ మొహాలకి ఊ అనను" అన్నాను. అనలేదు కూడా. వాళ్ళు మళ్ళీ వచ్చారు, బతిమాలారు, నేను తలుపు సందులోంచే పంపేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రెండు మూడు రోజులూ నాకు మహా హాయిగా ఉండింది.

చిట్టిని మాత్రం ఉంచుకున్నాను. డబ్బు తీసుకోను అని నర్సుకి ముందే చెప్పేశాను. డబ్బు లేనిది వ్యాపారం ఎలా అవుతుంది? "ఆ పిల్లనీ కొన్నాళ్ళు ఆపు. ఒక్కరిని ఉంచుకున్నావంటే మిగతావాళ్ళ కళ్ళు దాని మీదే పడతాయి" అన్నాడు మా ఆయన. "పడనివ్వండి, కాలిపోదు" అన్నాను.

పడ్డాయి. లిఫ్టులో నా చెయ్యి పట్టుకున్న చిట్టిని బ్యాంకు అమ్మాయి కిందనుంచి పైదాకా చూసింది. "మా పాపకి ఉన్న రూలు ఈ పాపకి లేదా?" అని నన్ను అడగలేదు, పక్కనున్నావిడని అడిగింది. ఆ వారమే డాక్టరు, లెక్చరరు, ఆ అమ్మాయి ముగ్గురూ కలిసి కమిటీకి ఫిర్యాదు పెట్టారు. చెప్పులు చూసి బీపీ తెచ్చుకున్న ఆఫీసరు కాదండీ, ఈ ముగ్గురే. నేను డబ్బు తీసుకోవడం లేదంటే ఎవరూ నమ్మలేదు. ఊరికే ఒకరి పిల్లని ఎందుకు చూస్తారు అన్నారట. వాళ్ళకెలా తెలుస్తుంది, కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా?

తర్వాతి నెల పత్రిక మా ఆయన పైకి చదవలేదు. నేనే లాక్కుని చదివాను. క్లబ్ హౌసులో పిల్లల గది తెరుస్తున్నారట, ఓనర్ల పిల్లలకి మాత్రమేనట. దాని కిందే చిన్న అక్షరాల్లో, నిబంధనలు మీరుతున్న ఒక అద్దెదారు సంగతి ఆ ఫ్లాటు యజమానికి తెలియజేశామని ఉంది.

వెంటనే సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. "తప్పు చేసింది నేనైతే ఆ నర్సమ్మాయి మీద పడతారేం?"

"మీరు ఓనరు కదాంటీ, పైగా పెద్దవారు. మిమ్మల్ని ఏమంటాం?" అన్నాడు, కుర్చీ చూపిస్తూ. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

అప్పటికే ఇంటి యజమాని నర్సుకి ఫోన్ చేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఆ మాట వినగానే నా పౌరుషం ఎటు పోయిందో పోయింది. పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళాను. "నాయనా, రేపట్నుంచి మీవాణ్ణి పంపు. కవలల్నీ పంపమను. చుట్టాలనే చెప్తాను, ఏమడిగితే అది చెప్తాను. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అన్నాను.

"ఇప్పుడెందుకాంటీ" అన్నాడు, చాలా మర్యాదగా. "క్లబ్ హౌసులో బావుంది. ఏసీ కూడా ఉంది." లోపల అతని కొడుకు నా గొంతు గుర్తుపట్టి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చాడు. తల్లి వచ్చి ఎత్తుకుపోయింది.

నర్సు సామాను ఒక చిన్న వ్యానులో పట్టేసింది. ఆసుపత్రికి అవతల ఎక్కడో గది దొరికిందట. మా ఆయన మంచం కోళ్ళు కట్టడానికి సాయం పట్టాడు. నేను చిట్టికి బిస్కెట్ల డబ్బా పట్టుకుని కిందికి వెళ్ళాను.

"నైట్ డ్యూటీ పడితే పిల్లనెక్కడ ఉంచుతావే?" అన్నాను.

"తెలీదు. చూడాలి."

"ఎంత దుర్మార్గులే వీళ్ళు! నాశనమైపోతారు."

ఆమె చేతిలో ఉన్న తాడు కింద పెట్టి నా వైపు తిరిగింది. అంతవరకూ నన్ను ఆమె అలా చూసింది లేదు.

"వాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు మొదటినుంచీ తెలుసు పిన్నిగారూ. రోజూ ఆసుపత్రిలో అలాంటివాళ్ళకే ఇంజెక్షన్లు చేస్తాను. వాళ్ళ పిల్లల్ని మీరు ఉంచుకుని ఉంటే నా పిల్లా ఉండేది. ఆ నలుగురి మధ్యలో దీన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. మీకోసం అంతమందిలో నేను చెయ్యెత్తాను. నాకోసం మీరు తల వంచలేకపోయారు."

వంచాను కదే, డాక్టరు గుమ్మంలో వంచాను అందామనుకున్నాను. అది ఎప్పుడో, ఎంత ఆలస్యంగానో ఆమెకీ తెలుసు.

వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. చిట్టి ఎడమ చెప్పు కుడి కాలికీ, కుడి చెప్పు ఎడమ కాలికీ వేసుకుని నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర కూర్చోబోయాను.

"వద్దు పిన్నిగారూ, నేను మారుస్తాను" అని నర్సు వంగింది.