పాలపళ్ళ మీద జీను

ఇద్దత్ ముగిసిన మర్నాడు నేను మొదట వెళ్ళింది బడికి కాదు, ఇంటి వెనక షెడ్డుకి. భర్త పోయిన ఆడది గడప దాటకుండా ఉండే ఆ నెలల్లో గుర్రాలను వంటింటి కిటికీలోంచే చూశాను. ఆ కిటికీలోంచి కనిపించేది సగం షెడ్డు, దాని అవతల పంజగుట్ట నాలా. వాసన మాత్రం మొత్తం వచ్చేది. మా ఆయన మెహబూబ్ ఉన్నప్పుడు షెడ్డంతా ఎండుగడ్డి వాసన, నూనె రాసిన తోలు వాసన. ఇప్పుడు లద్దె ఎత్తకుండా దాని మీదే ఫినాయిల్ పోస్తున్నారు. ఆ రెండూ కలిసిన వాసన అన్నంలోకి కూడా వచ్చేది.

మెహబూబ్ పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపేవాడు. బారాత్‌లో పెళ్ళికొడుకు ఎక్కే తెల్లగుర్రం కావాలంటే యూసుఫ్‌గూడ నుంచి బేగంపేట దాకా ఆయన్నే పిలిచేవారు. నేను సర్కారు బడిలో చిన్న తరగతులకు తెలుగు చెబుతాను. గుర్రాల గురించి నాకు తెలిసినదంతా ఆయన అన్నం తింటూ చెప్పినదే.

పోవడానికి ఏడాది ముందు ఒక ఆడ గుర్రప్పిల్లను తెచ్చాడు. నుక్రా జాతి. పుట్టుకతోనే తెలుపు, మూతి మాత్రం గులాబీ రంగు. అర్జూ అని పేరు పెట్టి, ఇది నీదే అన్నాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దీని మీద జీను ఎప్పుడు పెడతావని అడిగితే, ముందు పాలపళ్ళు ఊడి కొత్తవి రావాలి, తర్వాత చూద్దాం అన్నాడు. పళ్ళతోనే అయిపోయేది కాదు ఆయనకు. మోకాళ్ళ పైన వేళ్ళతో తడిమేవాడు. నడుము మీద అరచెయ్యి పెట్టి నొక్కి, అది వంగుతుందా అని చూసేవాడు. వీధిలో బాజా మోగితే చెవులు ఎటు తిప్పుతుందో గమనించేవాడు.

"దాని ఒళ్ళే చెప్తది. మనం జర ఆగాలె, గంతే," అనేవాడు.

ఆయన గుండె మాత్రం అందాకా ఓపిక పట్టలేదు, ఉన్నట్టుండి నిలిచిపోయింది.

ఆయన తమ్ముడు దానిష్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేశాడు. మైత్రీవనం చుట్టూ గోడల నిండా ఆ కోర్సుల కాగితాలే. ఒకదాని మీద ఒకటి అంటించినవి వానకు నాని, ఒలిచిన తోలులా వేలాడుతుంటాయి. దానిష్ చేరిన ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, అతను చేయని ఉద్యోగంలో మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు రాసిచ్చారు. ఆ మాట మీద మాదాపూర్‌లో ఒక కంపెనీ తీసుకుంది. నెల తిరక్కుండానే పట్టుకుని పంపేసింది. అప్పటి నుంచి అన్న దగ్గరే పని. అన్న పోయాక గుర్రాలు అతని చేతిలో ఉన్నాయి.

నేను ఇద్దత్‌లో ఉండగా తలుపు అవతల నిలబడి చాలాసార్లు అడిగాడు. పెద్ద గుర్రం కుంటుతోందట. పెళ్ళిళ్ళ రోజులట. అర్జూను బారాత్‌లకు దించితే తప్ప లాభం లేదట. పాలపళ్ళు ఊడేదాకా దాని మీద ఎవరూ ఎక్కరని ప్రతిసారీ అన్నాను. మెహబూబ్ చూసే గుర్తులు ఇంకా ఉన్నా, తలుపు చాటు నుంచి చెప్పడానికి నాకు దొరికిన మాట అదొక్కటే.

ఆ ఉదయం అర్జూ షెడ్డు మూలకు జరిగి నిలబడింది. ముందు వేసిన గడ్డి వేసినట్టే ఉంది. కింది పెదవి నుంచి చొంగ తీగలా సాగుతోంది. ఈగలు మూతి చుట్టూ తిరుగుతున్నాయి. పిలిస్తే చెవి తిప్పింది కానీ రాలేదు.

అప్పుడే దానిష్ ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన పేరు అచ్యుతరావు. దానిష్ చదివిన ఇన్‌స్టిట్యూట్ ఆయనదే. ఒంటి నిండా అత్తరు, నోటి నిండా వక్కపొడి. శుక్రవారం కొడుకు పెళ్ళి. అబ్బాయి తెల్లగుర్రం మీద రావాలని ఆడపెళ్ళివాళ్ళ ముచ్చటట. మీ ఆయన పోయారని విన్నానమ్మా, చాలా బాధపడ్డాను అని, ఆ గుక్కలోనే గుర్రం జూలుకు రంగు వేయించడం కుదురుతుందా అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా పక్కకు తిరిగి, నీళ్ళతొట్టి పక్కన ఉమ్మేశాడు. ఎర్రటి తుంపర తొట్టి అంచు మీద పడింది. గుర్రాలు తాగే నీళ్ళవి. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. దుఃఖమనుకున్నాడేమో, కళ్ళు దించుకున్నాడు.

దానిష్ ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు చెప్పినట్టే అయింది భాభీ. కింది రెండు పళ్ళు ఊడినయ్."

జేబులోంచి కాగితం మడత తీసి నా చేతిలో పెట్టాడు. అదీ కోర్సు కాగితమే. విప్పితే రెండు పళ్ళు.

బడిలో పిల్లలు ఊడిన పళ్ళు తెచ్చి నా బల్ల మీద పెడుతుంటారు. ఏళ్ళ తరబడి చూస్తున్నాను. తనంతట తాను ఊడిన పాలపన్నుకు వేరుండదు. అడుగున బోలుగా, చిన్న చిప్పలా ఉంటుంది. మెహబూబ్ కూడా ఒకసారి పెద్ద గుర్రం చిన్నప్పటి పన్ను చూపించాడు. అదీ అంతే.

నా చేతిలోని వాటికి వేళ్ళున్నాయి. పొడుగ్గా, పచ్చగా. చివర్లలో నెత్తురు నల్లగా ఎండింది. ఒకదానికి చిగురు ముక్క అంటుకుని ఉంది. అరచేతికి జిగట తగిలింది.

అర్జూ దగ్గరికి వెళ్ళి పెదవి ఎత్తాను. తల విదిలించింది కానీ చూడాల్సింది కనిపించింది. పైన నడిమి రెండు చిన్న తెల్లటి పాలపళ్ళు గట్టిగా ఉన్నాయి. కింద రెండు గుంటలు. చిగుళ్ళు చీలి, వాచి, చీము పట్టాయి. గూట్లో జీను పక్కన పట్టుకారు ఉంది. కడగనైనా కడగలేదు.

"ఇవి ఊడలేదు దానిష్. నువ్వు పీకినవ్."

"రెండూ ఒకటే కద భాభీ," అన్నాడు. "ఎట్లయినా పోయే పళ్ళే. ఇప్పుడైతే లేవు కద."

సిగ్గుపడలేదు. లెక్క సరిగ్గా చేసుకొచ్చిన పిల్లవాడిలా నా వైపు చూస్తున్నాడు. నేను అడిగిన గుర్తు తెచ్చి చూపించాడు. ఇంకేం కావాలో అతనికి అర్థం కాలేదు.

అచ్యుతరావు నవ్వాడు. "మా దగ్గరా అంతేనండీ. మూడేళ్ళ అనుభవం వేసి పంపిస్తాం, సీట్లో కూర్చున్నాక వాళ్ళే నేర్చుకుంటారు. అయినా పది నిమిషాల ఫొటోకి పళ్ళతో పనేంటండీ?"

ఆ మూడేళ్ళ పుణ్యాన బయటికి గెంటించుకున్న దానిష్ కూడా నవ్వాడు. ఆయన కంటే గట్టిగా నవ్వాడు.

ఈ పిల్ల ఊరేగింపుకు రాదని అచ్యుతరావుకు చెప్పాను. మావాడు మరీ లావేం కాదన్నాడు. మెల్లగా నడిపించుకుందామన్నాడు. మళ్ళీ అదే మాట చెప్పాను. టీచర్లతో ఇదే కష్టమని గొణుగుతూ, చెప్పులకు అంటిన లద్దెను మా గుమ్మం మెట్టుకు రాసి కారెక్కాడు.

దానిష్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పైవి రెండు ఉన్నయనా భాభీ నీ ఫికర్? అవి సుత తీసేస్త. రేపటికల్లా అయిపోతది. అచ్యుతరావు సార్‌కు ఫోన్ చేస్తె మళ్ళ వస్తడు."

చెయ్యి చాపి షెడ్డు తాళంచెవి అడిగాను.

"పెద్దది కుంటుతుంది. బేరాలకు గిదొక్కటే ఉన్నది," అన్నాడు. "భాయ్ ఉంటే..."

"భాయ్ ఉంటే ముందు నీ పళ్ళు చూసేటోడు."

తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కోపం కంటే అయోమయమే ఎక్కువ కనిపించింది అతని ముఖంలో. బోరబండలో తన గదికి వెళ్ళబోతూ, షెడ్డు గేటు దగ్గర ఆగాడు.

"మరి ఎప్పుడు భాభీ? ఏం జూసి ఎక్కియ్యాలె? గదన్న చెప్పు."

మోకాళ్ళ సంగతి నోటి దాకా వచ్చింది. నడుము సంగతి, చెవుల సంగతి కూడా. ఏది చెప్పినా శుక్రవారంలోపు తయారు చేసుకొస్తాడు. అతను వెళ్ళాక గేటుకు తాళం వేశాను. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి రమ్మన్నాను. పట్టుకారును నాలాలో పడేశాను. తొట్టి ఒంపి, అంచు మీది ఎరుపు పోయేదాకా పీచుతో రుద్ది, కొత్త నీళ్ళు పట్టాను.

తవుడు మెత్తగా నానబెట్టి బకెట్టుతో తీసుకెళ్ళాను. మెహబూబ్ అయితే పిడికెడు తీసి నేరుగా నోటికి అందించేవాడు. నేనూ అలాగే చెయ్యి చాపాను. అర్జూ నా వేళ్ళ వైపు చూసి, పెదవులు బిగించి, తల గోడ వైపు తిప్పుకుంది.

బకెట్టు అక్కడ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, దూరంగా వచ్చి నిలబడ్డాను.