ఆవిడకు పడనివి

టైలరమ్మకు ఉబ్బసం. "ఆవిడకు పడనివన్నీ ఇంట్లోంచి తీసేయండి" అని ఆవిడ మొగుడికి డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత దుమ్మనీ, పొగనీ, ఘాటు వాసనలనీ ఇంకా చాలా చెప్పింది. ఆయనగారు వింటేగా! సగం మాట చెవిన పడగానే మిగతా సగం తనకే తెలుసనుకునే ఘటం. ఆఫీసులో ఆయన్ని సర్వజ్ఞుడని ఊరికే అంటారా?

ఇంటికొస్తూనే చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు. అదేం చిత్రమో, ఆవిడకు పడనివన్నీ ఆయనకు పడనివే! ఆవిడ పాటల రేడియో అటకెక్కింది. కబుర్లకొచ్చే పక్కింటావిడకు, పౌడరు వాసన వంకతో, గుమ్మంలోనే నమస్కారం. చివరికి కుట్టుమిషను మీద పడ్డాడు.

"గుడ్డపీచు! నీ ప్రాణం తీసేది ఇదే."

"నా ప్రాణమే అదండీ" అంది ఆవిడ. పదిహేనేళ్ల పని మరి, ఏడుపు రాదూ?

"పది రోజులు మా అక్కయ్య ఇంట్లో ఉంచుదాం. నీకు తగ్గితే ఇంక అక్కడే."

మిషను పోయింది. ఆయనగారి వైద్యం మొదలైంది. పొద్దున్నే కిటికీ కింద ఎండాకులు పోగేసి తగలబెట్టడం, దోమలు పోతాయని. ఆ పొగ లోపలికొస్తే సెంటు డబ్బా తీసి గదిగదికీ కొట్టడం. డబ్బా మీద 'తాజా గాలి' అని ఉంది మరి! ఆ తాజా గాలి బయటికి పోకుండా కిటికీలన్నీ మూసేవాడు కూడానూ. టైలరమ్మ పిల్లికూతలతో ఆయాసపడుతూ కూర్చునేది.

ఊరికే కూర్చోలేదులెండి. ఊపిరి కొలిచే గొట్టం ఒకటి డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ పొద్దున అందులో ఊది, వచ్చిన అంకె పుస్తకంలో రాసుకుంది. అంకె ఎంత పెద్దదైతే ఊపిరి అంత బాగున్నట్టు.

పదకొండో రోజు డాక్టరమ్మ ఆ పుస్తకం తిప్పింది. "రెండొందలు, నూట తొంభై, రెండొందలు... మధ్యలో ఈ మూడు రోజులు మాత్రం మూడొందల ఇరవై! ఏం తీసేశారమ్మా ఇంట్లోంచి?"

"ఏమీ లేదండీ. ఆ మూడు రోజులూ ఈయన ఆఫీసు పని మీద క్యాంపుకెళ్లారు."

సర్వజ్ఞుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అంటే... నేను ఇంట్లో ఉండకూడదా?"

డాక్టరమ్మ అన్నీ అడిగి తెలుసుకుంది. "మీరుండొచ్చు. మీ మంటలు, మీ డబ్బా ఉండకూడదు. మిషను తెచ్చి కిటికీ పక్కన వేయండి, కిటికీ తెరవండి. రోజూ తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. తుడిచేటప్పుడు ఈవిడ ఆ గదిలో ఉండకూడదు."

"మరి ఎవరు తుడుస్తారండీ?" అన్నాడాయన.

డాక్టరమ్మ ఆయన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ముందు గదిలో మిషను టకటకలాడుతోంది. పడగ్గదిలో ఆయనగారు మోకాళ్ల మీదున్నారు.

"మంచం కింద కూడా అండీ!" అని కేకేసింది టైలరమ్మ, ఒక్క దగ్గు లేకుండా.