అరవై దగ్గర ఆగే బేరం

మెడికల్ కాలేజీలో డాక్టర్లు ఆవిణ్ణి చాటుగా స్పీడ్ బ్రేకర్ అంటారు. చాటుగా అంటే ఆవిడకు తెలియదని కాదు, ముఖాన అనే ధైర్యం లేదని. మందుల కంపెనీ ఏదైనా కొత్త మందును ఈ కాలేజీ ఆసుపత్రిలో రోగుల మీద పరీక్షించాలంటే ముందు కాలేజీకీ కంపెనీకీ ఒప్పందం కుదరాలి. అందులో ప్రతి మాటా ఆవిడ చేతి మీదుగా పోవాలి. ఎంత పేరున్న ప్రొఫెసరైనా ఆ గది ముందు బండి నెమ్మది చేయాల్సిందే.

గది మెట్ల కింద ఉంది. కిటికీ తెరిస్తే కనిపించేది వీధి కాదు, వరండాలో ఒక బెంచీ. ఊపిరితిత్తుల డాక్టరు కోసం వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. వాళ్ళ దగ్గు వినలేక ఆవిడ కిటికీ మూసే ఉంచుతుంది.

గురువారమంటే ఆవిడకు ఇష్టం. గురువారం మధ్యాహ్నం ఒక మందుల కంపెనీ లాయరు ఫోన్ చేస్తాడు. ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. ముఖం ఎలా ఉంటుందో తెలియదు గానీ, అతని కుర్చీ కిర్రుమంటే ఒప్పుకోబోతున్నాడని, గొంతు సవరించుకుంటే నెపం పైవాళ్ళ మీదికి నెట్టబోతున్నాడని ఆవిడకు తెలుసు. ఈవిడ పెన్నుతో బల్ల మీద కొట్టిందంటే ఇక లొంగదని అతనికీ తెలుసు.

"మందు ఫలితాల మీద డాక్టర్లు పేపరు రాస్తే, అచ్చుకి పంపేముందు తొంభై రోజులు మా దగ్గర ఉంచాలి మేడం."

"తొంభై రోజులా! మీవాళ్ళు చదువుతారా, బట్టీ పడతారా? ముప్ఫై."

"ముప్ఫై రోజుల్లో మా ఆఫీసులో కాగితం ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి కూడా పోదండీ."

మరుసటి గురువారానికి అతను కాస్త దిగుతాడు, ఈవిడ కాస్త ఎక్కుతుంది. ఎన్ని వారాలు సాగినా చివరికి బేరం ఆగేది అరవై దగ్గరే. ఆ సంగతి ఇద్దరికీ మొదటి రోజే తెలుసు. తెలిసీ ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఆవిడ ఉండేది తమ్ముడింట్లో. మంచివాళ్ళే, పల్లెత్తు మాట అనరు. తమ్ముడు టీవీకి అంకితం, మరదలు ఫోనుకి, మేనకోడలు చెవుల్లో పెట్టుకునే వాటికి. "అక్కా, గేటు వేశావా?" అని ఒకరు, "వదినా, గ్యాసు కట్టేశారా?" అని ఇంకొకరు అడుగుతారు. రెంటికీ 'ఊఁ' అంటే సరిపోతుంది. అలా ఊఁ కొట్టీ కొట్టీ ఆ ఇంట్లో ఆవిడ గొంతు ఎలా ఉంటుందో అందరూ మర్చిపోయారు. మాటకు మాట చెప్పి పోట్లాడే మనిషి లోకంలో ఆవిడకు ఒక్కడే మిగిలాడు. అతనికి కంపెనీ జీతమిస్తుంది.

ఆ కంపెనీ నుంచే ఊపిరితిత్తుల జబ్బుకు కొత్త మందు వచ్చింది. ఒప్పందం ఆవిడ బల్ల మీదికి వచ్చిన రోజే ఊపిరితిత్తుల డాక్టరు తలుపు కొట్టకుండా లోపలికొచ్చాడు.

"మేడం, ఆ కిటికీ ఒకసారి తెరవండి."

తెరిచింది. బెంచీ మీద బక్కపలచని పెద్దాయన, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు. భార్య ఆయన చొక్కాకు తప్పుగా పెట్టుకున్న గుండీలు విప్పి మళ్ళీ పెడుతోంది.

"బడిలో లెక్కల మాస్టారు. ఈ మందు ఆయనకు పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. కానీ ఇంకో మందు లేదు. కంపెనీ అన్ని ఊళ్ళకీ కలిపి ఇంతమంది రోగులు చాలని పెట్టుకుంటుంది. అంతమంది దొరగ్గానే తలుపు మూసేస్తారు. పోయినసారి జరిగింది అదే."

"పోయినసారి ఒప్పందం చాలా బాగా వచ్చింది కదండీ," అంది ఆవిడ, నొచ్చుకుని.

"బంగారంలాంటి ఒప్పందం. సంతకాలయ్యేసరికి వేరే ఊళ్ళలో అందరూ చేరిపోయారు. మన దగ్గర ఒక్కళ్ళు కూడా చేరలేదు."

సంతకమయ్యాక ఫైలు బీరువాలోకి పోతుంది. ఆ తర్వాత ఏమైందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడా ఎన్నడూ అడగలేదు.

"పేపరు గొడవ ఎన్ని రోజుల దగ్గర తేలుతుంది?"

"అరవై."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"మరి మొదటి రోజే అరవై రాసేయొచ్చుగా మేడం! ఒక్క రోగి చేరకముందే ఫలితాల అచ్చు గురించి నెలల తరబడి కొట్లాట. ఆలూ లేదు చూలూ లేదు..." సామెత సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ దగ్గర జవాబు లేక కాదు. ఉన్న జవాబు పైకి చెప్పుకునేది కాదు. సిగ్గుతో ఆవిడ ముఖం వేడెక్కింది. కిటికీ మూయబోయి, మూయలేదు.

ఆ పూటే కూర్చుని, బేరాలు ఎక్కడెక్కడ ఆగుతాయో అక్కడికే అన్నీ తెచ్చి రాసేసింది. ఒక్క పన్నెండో క్లాజు మాత్రం మిగిలింది. మందు వల్ల రోగికి హాని జరిగితే వైద్యం ఖర్చు కంపెనీ భరిస్తుంది, అయితే రోగి తనకిచ్చిన సూచనలన్నీ పొల్లుపోకుండా పాటించి ఉంటేనే అని వాళ్ళు రాశారు. ఆ 'అయితే' నుంచి చివరిదాకా కొట్టేసి పంపించింది.

లాయరు గురువారం దాకా ఆగలేదు.

"మేడం, ఒంట్లో బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉన్నాను."

"మరి అరవై అని రాసేశారేంటి?"

"ఆగేది అక్కడే కదండీ."

"తెలుసనుకోండి. నాకూ తెలుసు. కానీ..." అన్నాడు.

ఆ కానీ వెనకాల ఏముందో ఆవిడకు పూర్తిగా తెలుసు. తన దగ్గరా అదే ఉంది. బెంచీ వైపు చూసింది.

"ఇక్కడ ఒకాయన కూర్చుని ఉన్నారు లాయరుగారూ. మీకు ఏది కావాలన్నా ఇస్తాను, పన్నెండు మాత్రం వదలను. ఒక పూట మాత్ర మర్చిపోతే మనిషిని గాలికొదిలేస్తారా?"

"మావాళ్ళు తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం."

"నాలుగో కాలు మీరు చూపించండి."

అతను నవ్వాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. మర్నాటికల్లా పైవాళ్ళను ఒప్పించి పంపాడు. ఆ వారంలోనే సంతకాలైపోయాయి. ఆ కాలేజీ చరిత్రలో అంత తొందరగా ఏదీ జరగలేదని డాక్టర్లు వింతగా చెప్పుకున్నారు.

గురువారం వచ్చింది. బెంచీ మీద మాస్టారు లేరు, లోపల మొదటి మాత్ర వేయించుకుంటున్నారు. ఆయన సంచికి కాపలాగా బయట కూర్చున్న భార్య కిటికీ వైపు చూసి ఎందుకో తలూపింది. ఈవిడ కూడా ఊపింది. మధ్యాహ్నం దాటింది. టీ తెప్పించుకుంది, అది చల్లారిపోయింది. పని మంచిదే అయింది, కానీ ఇక గురువారాలు ఎలా గడుస్తాయో అనిపించింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఏం లేదు మేడం. ఊరికే చేశాను."

"చెప్పండి."

ఏళ్ళ తరబడి మాట్లాడుకున్న మనుషులు, క్లాజు అడ్డం లేకుండా ఒక్క మాటైనా మాట్లాడుకుని ఎరగరు.

"భోంచేశారా?"

"అయింది. మీరు?"

"నాదీ అయింది."

అక్కడితో సరుకు అయిపోయింది. అతను ఫోన్ పెట్టేస్తాడేమోనని ఆవిడకు భయం వేసింది.

"మేడం," అన్నాడతను. "ఆ పన్నెండో క్లాజులో ఒక మాట నాకు నచ్చలేదు."

"సంతకాలైపోయాయి. ఇక దేవుడు దిగొచ్చినా మారదు."

"తెలుసు. ఒక్కసారి చదవండి."

ఆవిడ బీరువా తీసి, ఫైలు తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. మందు వల్ల రోగికి హాని కలిగితే అన్న దగ్గర మొదలుపెట్టి, ఆగి ఆగి, చివరిదాకా పైకి చదివింది.

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఒప్పుకోను," అన్నాడు లాయరు.

"ఎందుకు ఒప్పుకోరు?" అని ఆవిడ పెన్ను తీసుకుని బల్ల మీద కొట్టింది.