ముసాయిదా మీద పెన్సిలు రాతలు

ఆ ఊరి గ్రంథాలయం నడిపే ఆవిడను అందరూ సైలెన్సు మేడమ్ అంటారు. మనసు వెన్నే గానీ, పుస్తకం మీద పెన్సిలు గీత కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ సాయంత్రం రబ్బరుతో శుభ్రంగా తుడిచిగానీ ఇల్లు చేరదు.

ఆ అలవాటే కొంప ముంచింది. ప్రభుత్వం జాతీయ సమాచార విధానం ముసాయిదాను గ్రంథాలయాలకు పంపి, చదివినవాళ్ళను పేజీల అంచుల్లో అభిప్రాయాలు రాయమంది. ఇకపై ప్రభుత్వ సమాచారం ఫోన్లలోనే ఇవ్వాలా, గ్రంథాలయాలనూ ఉంచాలా అన్నది అందులో ఒక ప్రశ్న. జనం పెన్సిలుతో రాశారు. మేడమ్ పరధ్యానంగా తుడిచేసింది. ముసాయిదా తీసుకెళ్ళడానికి మర్నాడు వస్తున్నానని అధికారిణి ఫోన్ చేశాక, తెరిచి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఒక్క మాటా లేకపోతే ఈ గదికి తాళం పడ్డట్టే.

"అందరి నోళ్ళూ నొక్కేశావన్నమాట!" అన్నాడు భర్త, నవ్వాపుకోలేక.

"నవ్వింది చాలు గానీ, వెళ్ళి నాలుగు ఇళ్ళ తలుపులు తట్టి రండి."

పొద్దున్నే బస్సు డ్రైవరు, నర్సమ్మ, సెలూన్ తాత, ఇంకొందరు వచ్చారు. మేడమ్ తలొంచుకుని జరిగింది చెప్పింది.

"ఓసోస్, ఇంతేనా! ఈసారి పెన్నుతో రాస్తాం, అప్పుడేం చేస్తారో చూస్తాం," అన్నాడు డ్రైవరు.

బస్సు వేళలు మారితే ఎవరు చెప్పాలి, టీకాల కబురు ఎక్కడ పెట్టాలి అని బల్ల చుట్టూ గొంతులు చించుకుంటూ పేజీల అంచుల్లో రాశారు. మేడమ్ ఎవరినీ ఆపలేదు. ఆ గోల ఆమెకు ఎంతో ఇంపుగా ఉంది.

అధికారిణి వచ్చి పేజీలు తిప్పింది. గ్రంథాలయాల పేజీ దగ్గర ఆగింది.

"దీని మీద ఎవరూ ఏమీ రాయలేదే?"

మేడమ్ గబగబా ఆ పేజీ మీదికి వంగి చూసింది.

"రాయడానికేముందమ్మా?" అన్నాడు సెలూన్ తాత. "ఉంచాలా అని అడగడమేంటి? ఏం తెలియాలన్నా మేమొచ్చేది ఇక్కడికే కదా. ఫోనులో వచ్చింది చదివిపెట్టేది కూడా ఈవిడే!"

అధికారిణి నవ్వి, ఆ మాటలు ఉన్నదున్నట్టు అంచులో రాసింది. అందరూ కింద సంతకాలు పెట్టారు. మేడమ్ మాత్రం దూరంగా నిలబడింది.

"ఆవిడనీ పెట్టమనండి," అన్నాడు తాత. "ఆవిడా మాలో మనిషే కదా!"

మేడమ్ పెన్ను అందుకుంది. మొదటిసారి పేజీ అంచులో తానే రాస్తూ, నవ్వుతూ సంతకం పెట్టింది.