క్యాలెండరు వెనక గీతలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఏ ఎలుక ఎన్ని నీళ్లు తాగిందో, ఎంత మూత్రం పోసిందో ఆయనకు కంఠతా వచ్చు. కన్నతల్లి సంగతి మాత్రం నన్నడగాలి. అడిగితే కదా!

ఆయన కాలేజీలో ఫార్మసీ ప్రొఫెసరు. నొప్పి మాత్రల వల్ల పాడయ్యే కిడ్నీలను ఒక ఆకు సారం కాపాడుతుందని పదేళ్లుగా ఎలుకల చేత ఒప్పిస్తున్నారు. ఆ ఆకు మా పెరటి గోడ పక్కనే పెరుగుతుంది. కోసేది, కడిగేది, మేడగదిలో పాత చీర పరిచి ఆరబెట్టేది, మిక్సీ పట్టి జల్లించేది నేను. ఆయన వ్యాసంలో మాత్రం ఆకులు వాటంతటవే కొమ్మ దిగి, స్నానం చేసి, నీడన పడుకున్నట్టుంటుంది. టైపు చేసిందీ నేనే కనుక నన్ను నేనే తీసేసుకున్నానన్నమాట. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ ఇలా అక్కరకొచ్చింది.

అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. రోజుకో మాత్రతో సరిపెట్టుకునే మనిషికి ఏడాది కిందట ఈయన ఆ పొడి కషాయం అలవాటు చేశారు. "భయం లేదమ్మా, ఇది తాగితే కిడ్నీలకేం కాదు" అన్నారు. కొడుకు అభయమిచ్చాక ఒక మాత్ర మూడయింది.

రెండు నెలలుగా నాకు కుదురు లేదు. పొయ్యి మీద పాలు పెట్టి అత్తయ్య పాదాల వంక చూస్తుంటాను, పాలు పొంగిపోతాయి. ఆవిడ చెప్పుల పట్టీ ఒకసారి వదులు చేశాను, వారం తిరక్కుండా మళ్లీ చేశాను. ఆవిడ వెళ్లే బాత్రూము తలుపు రోజుకెన్నిసార్లు చప్పుడవుతోందో క్యాలెండరు వెనక గీతలు పెట్టడం మొదలుపెట్టాను. గీతలు తగ్గుతున్నాయి.

మొదట్లోనే ఆయనతో అన్నాను: "ఏమండీ, అత్తయ్య కాళ్లు వాచాయి. ఆ మాత్రలు ఆపించండి. మీ ఎలుకలకిచ్చింది పది రోజులేగా? ఆవిడ ఏడాదిగా మింగుతున్నారు."

"టేబుళ్లు టైపు చేసినంత మాత్రాన సైంటిస్టువైపోవు. వయసుకి కాళ్లు వాస్తాయి. పొడి ఇంకో చెంచా ఎక్కువెయ్యి, చాలు."

వెయ్యలేదు. మొన్న మిక్సీ ప్లగ్గు పీకేసి, మోకాళ్లకు కొత్త మందుందని ఆశపెట్టి, అత్తయ్యను తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. రిపోర్టు ఆయన టిఫిను ప్లేటు పక్కన పెట్టాను. ఎలుకల్లో వందసార్లు చూసిన అంకెను, కిడ్నీలు పాడైతే పెరిగే క్రియాటినిన్‌ను, అమ్మ పేరు కింద చూసేసరికి ఆయన చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది.

ఈరోజు ముగ్గురం కిడ్నీ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"ఇంకా చెయ్యి దాటలేదు. మాత్రలు, కషాయం ఈ పూటే ఆపాలి. అసలెవరిచ్చారీ సలహా?"

అత్తయ్య, కొడుకు ముఖం చూసి గబుక్కున, "మా కోడలేనమ్మా! కోసేది, నూరేది, కాచేది అంతా తనే" అన్నారు.

పదేళ్లకు నాకు దక్కిన మొదటి గుర్తింపు! ఇంకెప్పుడైనా అయితే ఆయన పరువు కోసం తలూపేదాన్నే. బ్యాగులోంచి క్యాలెండరు కాగితం తీసి డాక్టరమ్మ ముందు పరిచాను.

"కాచింది నేనే. కాచమన్నదెవరో, మాత్రలు ఆపమన్నదెవరో ఆయన చెబుతారు."

ఆయన కళ్లజోడు తుడిచారు. గొంతు సవరించుకున్నారు. నా వైపు చూశారు. పదేళ్లుగా ఆయన వాక్యాలు పూర్తి చేసింది నేనే. ఈ ఒక్కటీ అందించలేదు.

"నేనే తాగించాను డాక్టర్. ఈవిడ రెండు నెలల కిందటే చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది."